క్రియాపదం చివర

బోరబండ స్టేషన్లో రైలు ఆగినప్పుడల్లా
మా ఏడో తరగతి కిటికీ ఊచలు సన్నగా వణుకుతాయి.
ఆ చప్పుడు పోయేదాకా పాఠం ఆపడం
నాకు ఇరవై ఏళ్ల అలవాటు.
రైలు కోసం ఆగినంతసేపు
ఏ పిల్ల కోసమూ ఆగలేదని
మొన్న జూలైలో తెలిసింది.

"నిన్న ఇంట్లో ఏం జరిగిందో ఒక్క వాక్యం చెప్పండి" అన్నాను.
నౌషీన్ లేచింది.
చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ
"మా అబ్బా రాత్రి లేటుగా వచ్చింది" అంది.

క్లాసు క్లాసంతా విరగబడింది.
వెనక నుంచి ఎవడో "వచ్చిందీ... వచ్చిందీ..." అని రాగం తీశాడు,
ఇంకెవడో బెంచీ మీద దరువేశాడు.
నేను నవ్వలేదు అని రాసుకోవాలనుంది.
పెదవి చివర కొంచెం నవ్వాను.
నలభై మంది నవ్వులో
నౌషీన్ ఆ కొంచెమే చూసింది.

"వచ్చింది కాదమ్మా, వచ్చాడు"
నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాసి
కింద రెండు గీతలు కూడా గీశాను.
తప్పు దిద్దాననుకున్నాను.

ఆ తర్వాత పదకొండు రోజులు
హాజరు పిలిస్తే
ఆ పిల్ల చెయ్యి మాత్రమే పలికింది.

పన్నెండో రోజు వ్యాకరణం.
మహద్వాచకం, అమహద్వాచకం.
మగవాళ్లకు 'డు', తక్కిన సృష్టికంతా 'ది'.
వాన వచ్చింది, కుక్క వచ్చింది, అక్క వచ్చింది...
ఏటేటా చెప్పే వరసే, ఒక్క గుక్కలో చెప్పేశాను.

కురుమూర్తి చెయ్యెత్తాడు.
పోయినేడు పాలమూరు నుంచి వచ్చినవాడు,
తల్లి మాదాపూర్‌లో ఇటుకలు మోస్తుంది.
"టీచర్, మా అమ్మ వచ్చింది అంటె ఎవ్వరు నవ్వరు.
కుక్క వచ్చింది అన్నా నవ్వరు.
నౌషీన్ వాళ్ల నాయిన వచ్చింది అంటె
గంత నవ్వుడెందుకు?"

రైలేదీ రాలేదు. నేనే ఆగిపోయాను.
అన్నం వండే లచ్చమ్మ - వచ్చింది.
మరుగుదొడ్లు కడిగే నర్సమ్మ - వచ్చింది.
హెడ్మాస్టరు గారు - వచ్చారు.
వరండాలో నా చెప్పుల చప్పుడు వినగానే
"ఒరేయ్, వచ్చిందిరా!" అని పిల్లలు సర్దుకునేది
నేనెన్నిసార్లు వినలేదు!

"తెలీదురా" అన్నాను.
ఆ గదిలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.
దరువేసినవాడు తల దించుకున్నాడు.
కింద పడ్డ పెన్ను వెతుక్కున్నాడేమో కూడా.

శనివారం తల్లిదండ్రుల మీటింగు.
నౌషీన్ వాళ్ల నాన్న వచ్చారు.
ఎర్రగడ్డ అంగడిలో తాళాలకు చెవులు చేస్తారట,
గోళ్ల సందున ఇత్తడి పొడి మెరుస్తోంది.
బిగుసుకున్న తాళానికి కూడా
చెవి ఉంటుందని నా భాష ఎప్పుడో అంది.
పాఠం చెప్పే హడావిడిలో నేనే వినలేదు.

ఆయన తెలుగు కోసం తడుముకుంటుంటే
నేనే ధైర్యం చేసి ఉర్దూలోకి దిగాను.
"ఆప్ కీ బేటీ బహుత్ అచ్ఛా పఢ్తా హై."
కూతుర్ని కాస్తా కొడుకుని చేశానని
అనేశాక కూడా నాకు తెలీదు.
ఆయన నవ్వలేదు.
"శుక్రియా టీచర్" అని చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు.

గుమ్మంలో క్లాసు పిల్లలు సగం మంది ఉన్నారు.
నౌషీన్ నవ్వొచ్చు. పదకొండు రోజుల బాకీ ఉంది నా మీద.

దగ్గరికొచ్చింది.
మునివేళ్ల మీద లేచి
వాళ్ల నాన్నకి కూడా వినపడనంత మెల్లగా
నా చెవిలో
"పఢ్తీ, టీచర్" అంది.

సోమవారం ఎవరో ఏదో తప్పు చెప్పారు.
సుద్దముక్క బల్ల మీదే పెట్టి వెళ్లాను.
నల్లబల్ల నుంచి మూడో బెంచీకి
తొమ్మిది అడుగులు.
ఇన్నేళ్లలో ఇప్పుడే లెక్కపెట్టాను.